కుక్కపిల్లకి పాలెందుకు?

"కుక్కపిల్లే కదా, కాసిని పాలు పొయ్యి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవుపాలలోని లాక్టోజు చాలా కుక్కపిల్లలకి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. వెంటనే పెట్ షాపుకి పరిగెత్తి 'సెన్సిటివ్ స్టమక్' అని రాసున్న ఖరీదైన ప్యాకెట్ తెస్తాం. రెండ్రోజుల్లో తగ్గకపోతే ఇంకో ప్యాకెట్! కొత్త తిండిని పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పదిరోజుల మీద మార్చాలని అమ్మేవాడు చెప్పడు, మనం అడగం. పొట్ట కుదుటపడేదాకా ఓ రెండ్రోజులు ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం పెట్టొచ్చు. (ఉల్లిపాయ కుక్కలకి విషం, మిగిలిన కూర పెట్టే పుణ్యాత్ములు గమనించగలరు.) అసలు నులిపురుగుల మందు వేయించామా? టీకాలు పడ్డాయా? వాంతులతో, రక్తవిరేచనాలతో సోలిపోతున్నది పార్వో కావచ్చు. బ్రాండ్లు పోల్చుకుంటూ కూర్చునేంత వ్యవధి ఆ పిల్లకి లేదు. ఫోన్ పక్కన పడేసి డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళండి.