నైజర్ పిల్లలకు మన నీతులు

"జబ్బేమిటో తేల్చకుండా ఊరందరి పిల్లల నోళ్ళలోనూ యాంటీబయాటిక్ పోయడమా? ఇది వైద్యం కాదు, అపచారం!" అంటూ విద్యాధికులైన మిత్రులొకరు మొన్న నా మీద విరుచుకుపడ్డారు. ఆయన భయానికి కారణం ఉంది. ఆయన తీర్పుకు మాత్రం ఆధారం లేదని నా వాదం.

2014–2017 నడుమ నైజర్, మలావీ, టాంజానియాలలో నెల నిండినప్పటి నుండి అయిదేళ్ళలోపు పిల్లలకు ఏడాదికి రెండుమార్లు అజిత్రోమైసిన్ ఒక్కొక్క మోతాదు ఇచ్చారు. పోలిక కోసం కొన్ని ఊళ్ళలో మందు లేని ద్రవం ఇచ్చారు. మందు అందిన ఊళ్ళలో మరణాలు 13.5 శాతం తగ్గాయి. ఒక్క నైజర్‌లోనే చూస్తే 18.1 శాతం. ఇవి అంకెలు కావు, బిడ్డలు.

అలాగని, మలేరియాకు విరుగుడు దొరికిందని సంబరపడేవారితోనూ నాకు పేచీయే. మలేరియా పరాన్నజీవిలో అపికోప్లాస్ట్ అనే భాగం ఉంది. అందులో మాంసకృత్తులు తయారయ్యే తీరు బాక్టీరియాను పోలి ఉంటుంది కనుక ఈ మందు దానిమీదా పనిచేస్తుంది, కానీ నిదానంగా. బర్కినా ఫాసో, మాలీలలో వానకాలపు మలేరియా నివారణ మందులకు దీనిని జోడిస్తే మరణాలుగానీ ఆసుపత్రి చేరికలుగానీ అదనంగా తగ్గలేదని 2019లో తేలింది. దోమతెర పని దోమతెరదే, టీకా పని టీకాదే.

మందుకు లొంగని క్రిముల మాట? నిజమే. నైజర్ పిల్లల పేగులలో అటువంటి జన్యువులు పెరిగాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, మరణాలు మిక్కుటంగా ఉన్నచోట, ఏడాదిలోపు శిశువులకు మాత్రమే దీనిని పరిశీలించవచ్చునంది. 2024లో వెలువడిన మరో నైజర్ పరిశోధన ఏం చెప్పింది? అయిదేళ్ళలోపు అందరికీ ఇస్తే మరణాలు 14 శాతం తగ్గాయి. శిశువులకే పరిమితం చేస్తే చెప్పుకోదగిన మేలు కనబడలేదు. పొదుపు చేయబోయి ఫలితాన్నే పోగొట్టుకున్నామన్నమాట.

ఇంతకూ మా మిత్రులు జలుబు చేస్తే ఏం చేస్తారు? డాక్టరు చీటీ లేకుండానే మందుల దుకాణంలో ఇదే అజిత్రోమైసిన్ కొంటారు. రెండు రోజులు మింగి, మూడోది సొరుగులో పడేస్తారు. గురివింద గింజకు తన నలుపు తెలియదు కదా!

నేను కోరేది ఇంతే. పిల్లలు రాలిపోతున్న చోట ఇవ్వండి, నిరోధకతను ఏటేటా కొలవండి, మరణాలు తగ్గాక ఆపండి. పొదుపు పాఠం మాత్రం జలుబుకు మాత్ర మింగే మన ఇళ్ళ నుండి మొదలుపెడదాం. కాదనేవారు కారణం చెప్పండి, వింటాను.