తల ఊపినంత మాత్రాన

ఇంగ్లీషులో ‘నాడ్’ అనేది మూడక్షరాల చిన్న మాట. తలను కిందికీ పైకీ ఊపడమని నిఘంటువు చెబుతుంది. వాక్యంలో చేరేసరికి ఆ మాట పలు వేషాలు కడుతుంది. ప్రశ్నకు జవాబుగా వస్తే అంగీకారం. దారిలో ఎదురైనప్పుడు పలకరింపు. భోజనానంతరం కుర్చీలో కూర్చున్నవేళ కునికిపాటు. ముఖపరిచయం మాత్రమే ఉన్న మనిషి ‘నాడింగ్ అక్వెయింటెన్స్’. సభలో చర్చ లేకుండానే తీర్మానం నెగ్గితే ‘ఆన్ ది నాడ్’ నెగ్గిందంటారు. మహాకవులు సైతం ఒక్కొక్కప్పుడు ఏమరుపాటు పడతారని చెప్పడానికి హోమరు కునుకును ఉదాహరిస్తారు. ఆ భావం రోమన్ కవి హొరేసుది. పరోక్షపు ఎత్తిపొడుపుకు వాడే ‘ఇన్యుయెండో’కు మూలమైన లాటిన్ ధాతువుకు కూడా తల ఊపడమనే అర్థం.

ఇన్నింటికీ తెలుగులో ఒకే మాట చాలదు. మెచ్చుకోలుతోనో ఆలోచనతోనో అయితే తల పంకిస్తాము. నిద్ర ముంచుకొస్తే కునుకుతాము. స్వంత అభిప్రాయం లేక అన్నింటికీ సరేననేవాడు గంగిరెద్దులా తల ఊపుతాడు.

పుస్తకంలో వినోదంగా తోచే ఈ భేదం జంషెడ్‌పూర్ వంటి ఊళ్లో బాధ్యతగా మారుతుంది. సాక్చి గ్రామంలో వెలసిన కర్మాగారం 1912లో ఉక్కు తీయసాగింది. 1919లో ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టారు. పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారు అక్కడ హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషల వారి నడుమ స్థిరపడ్డారు. దక్షిణాదివారు తలను ఇటూ అటూ మెల్లగా ఆడిస్తే “సరే” అని కావచ్చు, “వింటున్నాను” అని కావచ్చు. ఎరుగనివారికి అది “కాదు” అన్నట్టే తోస్తుంది.

ఉక్కు కార్ఖానా హోరులో మాట వినిపించదు. కొత్తగా చేరిన కుర్రవాడు మేస్త్రీ ఎదుట తల ఊపితే, అది అర్థమైందనా, పెద్దవారిపట్ల వినయమా? కొలిమి దగ్గర ఈ సందేహానికి తావుండరాదు. క్రేను నడిపేవానికి కింద నిలబడినవారు తల ఊపి ఊరుకోరు; ముందుగా నిర్ణయించిన చేతి సంకేతాలే చూపుతారు. అనుభవజ్ఞుడైన మేస్త్రీ సైతం తల ఊపుతో తృప్తిపడడు. చెప్పిన పనిని కుర్రవానిచేతనే తిరిగి చెప్పిస్తాడు.

అనువాదకునికీ అదే దారి. ‘నాడ్’ కనబడగానే “తల ఊపాడు” అని రాసి ముందుకు సాగరాదు. ఎవరి ఎదుట, ఏ సందర్భంలో ఊపాడో విచారించాలి. ఒప్పుకోని మనిషిచేత ఒప్పించినట్టు రాయడం చిన్న పొరపాటు కాదు.