నడకదూరంలో నివసించే హక్కు ఎవరిది?

నగరాన్ని పాదచారులకు అనువుగా తీర్చిదిద్దాలన్న మాట రాజధానిలో ఇటీవల విరివిగా వినవస్తున్నది. బడి, బజారు, ఆసుపత్రి, కొలువు అన్నీ పావుగంట నడకలో వుండాలని నిపుణులు సెలవిస్తున్నారు. అభిలషణీయమే. అయితే ఆ పావుగంట దూరంలో కాపురముండే యోగ్యత ఎవరికన్న ప్రశ్న మాత్రం ఈ చర్చలో అరుదుగా తలెత్తుతున్నది.

ఈ భావన కొత్తది కాదు. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 1929లోనే దీనిని ప్రతిపాదించాడు. ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల తోడ్పాటుతో తయారై 1962లో అమలుకు వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్‌కు కూడా ఇదే ప్రాతిపదిక. దాని నీడలో వెలసిన కాలనీలకు తోటలు, మార్కెట్లు అమరినవి. కాని ఆ ఇళ్లలో అంట్లు తోమే స్త్రీలకు, ఆ వీధుల్లో కూరగాయలమ్మేవారికి తగినంత చోటు దక్కలేదు. వారు తమ చోటును తామే వెతుక్కొన్నారు. మురుగుకాల్వ గట్టునో, రైలుపట్టాల పక్కనో గుడిసె వేసుకొన్నది బస్సుచార్జీ లేకుండా పనికి నడిచిపోవడానికే. నిపుణులు నేడు కలగంటున్న నడకదూరపు జీవితాన్ని పేదలు ఏనాడో ఆచరణలో పెట్టారు. ప్రభుత్వం దానికి ఆక్రమణ అని పేరు పెట్టింది.

జంగ్‌పురా వద్ద బారాపుల్లా కాల్వ గట్టున వుండిన మదరాసీ క్యాంపు కథ ఇదే. వింధ్యకు దక్షిణాన పుట్టినవారందరినీ మదరాసీలనడం ఢిల్లీకి అలవాటు గనుక, ఆ పేరు మనకూ పరాయిది కాదు. దశాబ్దాలుగా అక్కడ బతికిన తమిళ కుటుంబాల స్త్రీలు చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసేవారు. హైకోర్టు ఉత్తర్వు మేరకు 2025 జూన్ 1న ఆ శిబిరాన్ని నేలమట్టం చేశారు. సుమారు 370 ఇళ్లలో సగానికి పైచిలుకు మాత్రమే పునరావాసానికి అర్హమైనవట. ఆ అర్హులకు చూపిన నరేలా సుమారు 40 కిలోమీటర్ల దూరం!

కాల్వకు అడ్డు తొలగకపోతే వానకాలంలో ఊరు మునుగుతుందన్న వాదాన్ని తోసిపుచ్చలేము. కాని గట్టు ఖాళీ చేయించడం వేరు, బతుకుతెరువుకు దూరంగా విసరివేయడం వేరు. గుడిసెవాసులకు ఉన్నచోటనే, లేదా 5 కిలోమీటర్ల లోపల ఇల్లివ్వాలనీ, అంతకు మించడం అసాధారణ పరిస్థితుల్లోనే జరగాలనీ ఢిల్లీ ప్రభుత్వపు 2015 పునరావాస విధానమే చెబుతున్నది. అసాధారణమన్నది ఆనవాయితీ అయిపోతే ఇక విధానమెందుకు?

ఈ ఆనవాయితీ పాతదే. అత్యవసర పరిస్థితి నాడు లక్షలాది పేదలను నగరం అంచులకు తరలించారు. 2004లో యమునా పుష్తా వాసులను బవానాకు పంపారు. దూరం పెరిగితే ముందుగా పని పోయేది స్త్రీలకే. రెండు మూడు ఇళ్లలో గంటా రెండు గంటల పనికి, అంతకు రెట్టింపు కాలం ప్రయాణంలో గడపడం ఎవరితరం? 2019లో బస్సుల్లో స్త్రీలకు ప్రవేశపెట్టిన ఉచిత ప్రయాణం చార్జీని మిగల్చగలదు గాని కాలాన్ని మిగల్చలేదు.

మరో మార్గం లేకపోలేదు. కాల్కాజీలో గుడిసెల చెంతనే కట్టిన 3,024 ఫ్లాట్లను 2022 నవంబరులో ప్రధాని ప్రారంభించారు. అక్కడా అర్హత దొరకనివారి గుడిసెలు 2025 జూన్‌లో కూలిన మాట నిజం. అయినా, సంకల్పముంటే స్థలం దొరుకుతుందని ఆ ఫ్లాట్లు రుజువు చేసినవి.

ఆటంకం లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు ప్రకటించింది. హర్షణీయం. అయితే ఆ బాటపై నడిచేవారి ఇంటిని 40 కిలోమీటర్ల అవతలకు నెట్టిన తరువాత ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. 2024లో మూసీ తీరపు ఇళ్ల తొలగింపును చూసిన హైదరాబాదు కూడా దీనిని గుర్తుంచుకోవాలి. ఇల్లు కూల్చే ముందు ఆ ఇంటినుంచి పనికీ బడికీ గల దూరాన్ని కొలవాలి. కొత్త ఇల్లు ఆ కొలతకు సరితూగనప్పుడు దానికి పునరావాసమనే పేరు చెల్లదు.