ఒక కత్తికి ఒకే ఒర



"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అని మన పెద్దలు అంటారు. మీరూ వినే వుంటారు. జపాను దేశంలో దీనికి దగ్గరగా ఇంకో మాట వుంది. ఇద్దరు మనుషులకు పొత్తు కుదరకపోతే, "వాళ్ళకు వంపు కలవలేదు" అంటారు. ఏ వంపు? కత్తి వంపు, ఒర వంపు! అక్కడ ఒక కత్తికోసం చేసిన ఒర మరో కత్తికి పట్టదు. ఎందుకు పట్టదో తెలియాలంటే, ఆ ఒరా, పిడీ ఎలా తయారవుతాయో చూడాలి.

కతనా అనే జపాను కత్తి అలుగు సాధారణంగా 60 సెంటీమీటర్లకు పైగా పొడుగుంటుంది. కొంచెం వంపు తిరిగి వుంటుంది. ఇనుమును కాల్చి సాగగొట్టి దాన్ని చేసేవాడు కమ్మరి. అంతటితో అతని పని సరి. మెరుగు పెట్టేవాడు వేరు, ఒర చెక్కేవాడు వేరు, పూత పూసేవాడు వేరు, పిడికి తాడు చుట్టేవాడు వేరు. ఒక్కొక్క విద్య నేర్వడానికి ఏళ్ళు పడుతుంది.

ఒరకూ పిడికీ వాడేది 'హో' అనే చెట్టు కర్ర. ఈ చెట్టు మన సంపెంగకు చుట్టం. దీని కర్ర మెత్తగా వుంటుంది గనుక ఉక్కును గీరదు. పనివాడు కర్రను నిలువునా రెండు బద్దలుగా కోస్తాడు. కత్తిని బద్దమీద ఆనించి గీత గీసి, ఉలితో లోపల తొలుస్తాడు. కత్తి పెట్టి చూస్తాడు, తీస్తాడు, మళ్ళీ కొంచెం తొలుస్తాడు. ఏ రెండు కత్తుల వంపూ సరిగ్గా ఒకటి కాదు గదా! అందుకే ఒకదాని ఒర మరోదానికి పట్టదు.

ఇక బద్దలను అతికించాలి. దేనితో అనుకున్నారు? అన్నం మెతుకులతో! మీరు గాలిపటానికి కాగితం అతికించరూ, అట్లాగే. ఇంతకంటే గట్టి జిగురు దొరకక కాదు. ఏళ్ళు గడిచాక ఒరలోపల తుప్పు చేరితే, కర్ర పాడుకాకుండా బద్దలను విడదీసి, శుభ్రంచేసి, మళ్ళీ అతికించవచ్చు. విప్పడానికి వీలుగా అతికించడం కూడా ఒక విద్యే సుమా!

ఒర నోటిని 'కోయిగుచి' అంటారు. అంటే కార్ప్ చేప నోరు అని అర్థం. అలుగు మొదట్లో రాగితోనో, మరో లోహంతోనో చేసిన చిన్న పట్టీ వుంటుంది. అది ఒర నోట్లో బిగువుగా కూచుంటుంది. కత్తి ఊడి పడకుండా పట్టేదీ, వాదర కర్రకు రాసుకోకుండా కాపాడేదీ ఈ పట్టీయే.

ఒరపైన 'ఉరుషి' పూత పూస్తారు. మన లక్క పురుగునుంచి వస్తుంది. ఉరుషి చెట్టు పాలనుంచి వస్తుంది. తడిబట్ట పొడిగాలికి త్వరగా ఆరుతుంది గదా? ఉరుషి మాత్రం గాలిలో తేమ వుంటేనే గట్టిపడుతుంది! ఆ పాలలోని ఒక ఎంజైము తేమగాలిలో ఆక్సిజనుతో పనిచేసి దాన్ని గట్టిపరుస్తుంది.

పిడి సంగతి చూడండి. చెక్కమీద 'రే' అనే సముద్రపు చేప చర్మం తొడుగుతారు. దాని గరుకువల్ల పైన చుట్టిన పట్టుతాడు జారదు. కత్తి తోకకూ పిడికీ రంధ్రం వుంటుంది. అందులో ఒక చిన్న వెదురు చీల దిగగొడతారు. అంత కత్తినీ పిడిలో నిలిపేది వేలెడైనా లేని ఆ చీలే! వెదురు నారలు ఒక్కసారిగా పుటుక్కున తెగవు.

ఒర రంగు, పిడి తాడు, లోహపు బొమ్మలు యోధుడు తన ఇష్టప్రకారం చేయించుకునేవాడు. కాని ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, కొలువుకు వెళ్ళేటప్పుడు నల్లని ఒర ధరించడం మర్యాద. 1876లో ప్రభుత్వం, సైనికులూ పోలీసులూ వంటివారు తప్ప, తక్కినవారు కత్తి ధరించి తిరగరాదని శాసించింది.

ఇక అసలు సంగతి. పిడి మారవచ్చు, ఒర మారవచ్చు, కత్తి మారకూడదు. పూర్వం కొందరు పొడుగు కత్తులను తోకవైపు కోసి పొట్టిచేయించారు. కమ్మరి సంతకం వుండేది ఆ తోకమీదే! దానితో ఎన్నో గొప్ప కత్తులను చేసినవాడి సంతకమే లేకుండా పోయింది. ఇప్పటి పనివారు తోకమీది తుప్పునుకూడా తుడవరు. కత్తి వయసును చెప్పేది ఆ తుప్పు రంగే. పిడి బిగువైతే కర్రను తొలుస్తారుగాని, ఉక్కును అరగదీయరు.

ఇది చదివినప్పుడు నాకొక పిల్లవాడు గుర్తుకువచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎడమచేత్తో చక్కగా రాసే అతని చేత పట్టుబట్టి కుడిచేత్తో రాయించాను. గుండ్రని అక్షరాలు వంకరలు పోయాయి. కొన్నాళ్ళకు పలక చూపించడమే మానేశాడు. పిడికోసం నేను కత్తిని అరగదీశానన్నమాట. తల్లిదండ్రులారా, నా తప్పు మీరు చేయకండి.

పిల్లలూ, కత్తుల జోలికి పోకుండా మీరూ ఈ పని చేసి చూడవచ్చు. మీ స్కేలుకు సరిపడేట్టు రెండు అట్టముక్కలు కత్తిరించి, అంచులను అన్నం జిగురుతో అతికించి ఒర చేయండి. బాగా ఆరాక నెమ్మదిగా విడదీయండి. అట్ట చిరిగిందా, విడిపోయిందా? దాన్నిబట్టి జిగురు ఎంత చిక్కగా వుండాలో మీరే కనిపెట్టండి.