పురుటికి పోయిన తల్లి పద్దు



మన నెల్లూరు తీరమున నేలపట్టు చెరువునకు ప్రతి శీతకాలమునను గూడబాతులు వచ్చి, గ్రుడ్లు పొదిగి, పిల్లలను పెంచుకొని వెడలిపోవును. మన యాడపడుచులును పూర్వ మట్లే పురుటికి పుట్టింటికి వచ్చెడివారు. ఇప్పు డా యాచారము తలక్రిందైనది. కూతురు అమెరికాలో నున్నచో తల్లియే సందర్శకుల వీసాతో సముద్రములు దాటి పోవుచున్నది. సాధారణముగా ఆరుమాసములు నిలుచుట కనుమతి లభించును. పేరునకు విహారయాత్ర, చేయునది మాత్రము పురుడు, పథ్యము, పసిబిడ్డ నీళ్ళు.

అచ్చట నడుగిడినది మొదలు ఆ తల్లిని బాధించునవి ధరలు. ప్రతి వస్తువును ఆమె రూపాయలలో లెక్కించుకొనును. 2008 తొలినాళ్ళలో డాలరునకు సుమారు 40 రూపాయలు. 2025 డిసెంబరులో 90 దాటినది. కావున అచ్చట ధర పెరుగకున్నను మన లెక్కలో రెట్టింపునకు మించినది. ధరలును ఊరకుండలేదు. 2022 జూనులో ఏడాది పెరుగుదల 9.1 శాతమై, నలువది యేండ్లలో నెన్నడు లేనంత హెచ్చయ్యెను. 2025 మార్చిలో, కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకుటచేత, డజను గ్రుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటెను. 2023 జూలై 20న మన ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు టెగుమతిని నిషేధింపగా, అచ్చటి తెలుగువారు దుకాణములకు పరుగెత్తిరి; కొన్ని చోట్ల ఇంటికొక బస్తా మాత్రమే యిచ్చిరి. 2024 సెప్టెంబరునకు గాని ఆ నిషేధము తొలగలేదు. వరి పండు సీమనుండి పోయిన యిల్లాలికి బియ్యము పొదుపుగా వండుట యెంత కష్టము!

ఇందుచేత పెక్కుమంది తల్లులు "బిడ్డలకు బరువైతిమి" అని క్రుంగి, ఒంటినొప్పి సైతము చెప్పక దాతురు. అమ్మా, పద్దుపుస్తకమునకు జమ, ఖర్చు అని రెండు ప్రక్కలు గలవు. మీరు ఖర్చు మాత్రమే వ్రాయుచున్నారు. పసిబిడ్డను పగలు శిశుసంరక్షణాలయమున నుంచుటకు అచ్చటి పెక్కు నగరములలో నెలకు వేయి డాలర్లకు మించి చెల్లింపవలయును. ఆరుమాసముల కెంతయో చూచుకొనుడు. వంట, బాలింత సేవ వేరు. ఆ జమయు వ్రాయుడు. ప్రేమకు వెల కట్టుటకు గాదు. తల యెత్తుకొని అన్నము తినుటకు.

ఒక్క ఖర్చు మాత్రము తగ్గింపరాదు. అది ఆరోగ్యబీమా. అచ్చటి ప్రభుత్వము వృద్ధులకై నడపు మెడికేర్ సందర్శకులకు వర్తింపదు. ఒక్క రాత్రి ఆసుపత్రిలో నున్నను వేలకొలది డాలర్లు కావచ్చును. మధుమేహము, రక్తపుపోటు వంటి పాతజబ్బులను అనేక పాలసీలు మినహాయించును గనుక, కొనుటకు ముందే షరతులు చదివించి వినుడు. వాడు మందులను వైద్యుని చీటీతో సహా తీసికొనిపొండు.

కూతుండ్రకును ఒక మాట. మీ తల్లి వీసాపై సందర్శకురాలని యున్నది. వారమున కొక్కదినమైన వంటయింటినుండి విడిపించి, ఆమెకు ఆ దేశమును చూపింపుడు.