కోడ్ అతనిది, రికార్డు ఆమెది

బి.టెక్. చివరి సంవత్సరం ప్రాజెక్టు వైవాలో ఎగ్జామినర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: 'కోడింగ్ ఎవరు చేశారు?' బ్యాచ్‌లో ఒక అబ్బాయి ముందుకొస్తాడు. 'మరి నువ్వేం చేశావమ్మా?' 'డాక్యుమెంటేషన్ సార్.' ఇక ఆ అమ్మాయిని అడగడానికి ఏమీ ఉండదు. మార్కులు అందరికీ కాస్త అటూ ఇటూగా పడినా, తెలివైనవాడన్న పేరు మాత్రం అతనికే.

పరీక్షిస్తున్నది సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌ని. వాడేవాళ్ళ అవసరాలు తెలుసుకోవడం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, నిర్వహణ అన్నీ కలిస్తేనే ఆ శాస్త్రం అని క్లాసులో మనమే చెప్తాం. మార్కులు వేసే రోజున మాత్రం కోడింగ్ ఒక్కటే పనవుతుంది, మిగతావి చాకిరీ అవుతాయి. ఇంటిపనికి విలువ కట్టని బుద్ధే ఇక్కడా పనిచేస్తోంది.

కోడింగ్‌కి ఆ గొప్పతనం మొదటినుంచీ లేదు. 1946లో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు స్త్రీలు. అప్పుడు యంత్రం కట్టడం ఘనకార్యం, ప్రోగ్రామింగ్ గుమాస్తా పని. దానికి విలువ పెరిగాక అది మగవాళ్ళ పనైంది. చేసేవాళ్ళని బట్టే పనికి విలువ కడుతున్నారన్నమాట.

ఉమ్మడి పనిలో స్త్రీల వాటా మాయమవడం మన ఊహ కాదు. అమెరికాలో ఆర్థికశాస్త్ర అధ్యాపకుల పదోన్నతులపై హెదర్ సార్సన్స్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఒంటరిగా రాసిన వ్యాసాలకి స్త్రీలకీ పురుషులకీ ఒకే గుర్తింపు దక్కింది. కలిసి రాసినప్పుడు స్త్రీలకి తగ్గింది.

'అమ్మాయిలే కోడింగ్ వద్దంటారు' అంటారు. అర్ధరాత్రి దాకా అబ్బాయిల గదుల్లో సాగే పనిలోకి, చీకటి పడగానే గేటు మూసేసే హాస్టల్ నుంచి ఆమె ఎలా వెళ్తుంది?

గిట్ లాగ్ చూసి మార్కులేస్తే సరిపోతుందనేవాళ్ళూ ఉన్నారు. వాడేవాళ్ళతో గంటలు మాట్లాడి వాళ్ళకేం కావాలో రాబట్టిన శ్రమ ఆ లాగ్‌లో ఎక్కడుంటుంది? పైగా ఇవాళ కోడ్‌ని ఏఐ నిమిషాల్లో రాసిస్తోంది. అది సరైనదో కాదో పరీక్షించి తేల్చడమే అసలు నేర్పు.

మనలో చాలామందిమి గైడ్లం, ఎగ్జామినర్లం. పనులు బ్యాచ్‌లో అందరికీ వంతులవారీగా తిరగాలని మొదటి రివ్యూలోనే షరతు పెడదాం. ప్రతి దశకీ విడిగా మార్కులుంచుదాం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఆమెను కోడ్ గురించీ అతన్ని టెస్ట్ కేసుల గురించీ అడుగుదాం. దీనికి ఏ సర్క్యులరూ రానక్కర్లేదు.