రాత్రి మజిలీ ఎక్కడ?



వేసవి సెలవులు వస్తే చాలు, మన ఇళ్ళలో ప్రయాణాల మాట మొదలవుతుంది. అవ్వ శ్రీశైలం అంటుంది, నాన్న హంపి అంటాడు, మీరు సముద్రం అంటారు. చివరికి ఒక వ్యాను బాడుగకు మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. ఏమేమి చూడాలో అందరూ చెబుతారు గాని, రాత్రి ఎక్కడ పడుకోవాలో ఎవరూ చెప్పరు. "దారిలో చూసుకుందాం లే" అంటారు. కొన్ని ఇళ్ళలో ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "రాత్రంతా బండి నడిపిస్తే గది బాడుగ మిగులుతుంది గదా!" ఆ మాట ఎంతవరకు నిజమో ఈ నెల లెక్క కట్టి చూద్దాం.

పూర్వం మన చిత్తూరు, మదనపల్లె వైపు వాళ్ళు తిరుపతికి గూడుబండి కట్టుకుని వచ్చేవాళ్ళు. ఎద్దులు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తాయి. అందుచేత బండి కట్టకముందే ఇంటి పెద్ద మజిలీలు నిశ్చయించుకునేవాడు. మజిలీ అంటే ప్రయాణంలో ఆగి విశ్రమించే చోటు. ఎద్దులకు నీళ్ళు, మేత. మనుషులకు వంటచెరకు, తల దాచుకోవటానికి ఒక సత్రం. ఇవి ఉన్న ఊరే మంచి మజిలీ.

ఇట్లాంటి వివరాలు ఊరూరా రాసిపెట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలో చెప్పినది మరో భాషలో వినిపించే ఉద్యోగిగా పని చేశాడు. 1830 మే 18న సుమారు 100 మంది పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దాటి కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. 15 నెలలకు పైగా సాగిన ప్రయాణం! అప్పటికి మన దేశంలో రైలు బండి లేదు.

అంతమందితో రోజూ ఎక్కడ దిగేవాడో తెలుసుకోవాలని ఉంది గదా? ఆయన రాసిన "కాశీయాత్ర చరిత్ర" తెరచి చూడండి. ఈ ఊళ్ళో మంచి నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, ఏమేమి సరుకులు దొరుకుతాయి, దిగటానికి చోటు ఉందా, ముందున్న దారి ఎట్లాంటిది అని వరుసగా రాశాడు. ఈ పుస్తకం ఆయన పోయిన తరువాత 1838లో అచ్చయింది. వెనక వచ్చే బాటసారికి అది దారి చూపే దీపం.

ఆయన ప్రయాణంలో మరో సంగతి గమనించండి. పల్లకీ మోసింది బోయీలు. లోపల కూర్చున్నవారు కునుకు తీయవచ్చు. మోసేవాడు కునుకు తీస్తే పల్లకీ కింద పడుతుంది. అందుచేత మజిలీ అనేది ముందుగా మోసేవాడి కోసం. ఇప్పుడు పల్లకీ లేదు, వ్యాను వచ్చింది. మోసే మనిషి మాత్రం ఉన్నాడు. ఆయనే డ్రైవరు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. మన మెదడులో ఒక గడియారం ఉంది. అది వెలుతురును బట్టి నిద్రవేళ, మెలకువ వేళ నడుపుతుంది. తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల వరకు అది మనిషిని నిద్రలోకి బలంగా లాగుతుంది. ఆ వేళ అలసినవాడి కళ్ళు అతనికి తెలియకుండానే మూడు నాలుగు సెకన్లు మూతపడవచ్చు. వ్యాను గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. 72,000 మీటర్లను 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. నాలుగు సెకన్లలో 80 మీటర్లు! అంత దూరం బండిని నడిపేవాడు లేడన్నమాట. టీ తాగినా, పాటలు పెట్టినా ఆ నిద్ర కాసేపు వాయిదా పడుతుందే గాని తీరదు. నిద్రకు నిద్రే మందు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పని రోజుకు 8 గంటలని, ఏకబిగిన 5 గంటలకు మించరాదని కట్టడి చేసింది కూడా ఇందుకే.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. "మనం ఎంతమందికి పడకలు చూడాలి?" అని అడగండి. అవ్వ, తాత, అమ్మ, నాన్న, మీరు నలుగురు కలిసి ఎనిమిది అంటారు. తప్పు! తొమ్మిది. డ్రైవరన్నను దోమల్లో, ఉక్కలో వ్యాను సీటు మీద పడుకోబెట్టి, మరునాడు ఎనిమిది ప్రాణాలు అతని చేతిలో పెట్టటం ఏ లెక్కన పొదుపు?

మరి తక్కువ ఖర్చుతో మజిలీ ఎట్లా? మన వైపు ఇందుకు కొదవ లేదు. తిరుపతిలో రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయి. ఇవి దేవస్థానం వారి వసతిగృహాలు. కొండమీద గది దొరకని వారికి యాత్రికుల వసతి సముదాయాలలో ఉచితంగా చోటు, సామానుకు లాకరు ఇస్తారు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉచితం. అయితే బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, సెలవు రోజులకు ఇవన్నీ కిటకిటలాడతాయి. అట్లాంటప్పుడు చిత్తూరు దగ్గరి కాణిపాకంలోనో, తిరుపతికి 40 కిలోమీటర్ల లోపునున్న శ్రీకాళహస్తిలోనో రాత్రి ఆగి, తెల్లవారి బయలుదేరవచ్చు. పెద్ద ఊరు నిండితే పక్క ఊరు చూడటం పాతకాలపు యుక్తి.

దారి సంగతీ ముందే కనుక్కోవాలి. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే నల్లమల దారిలో రాత్రివేళ అడవి గేట్లు మూసివేస్తారు. పులులు తిరిగే అడవి అది. తెలియక చీకటిలో గేటు దగ్గరకు చేరితే, మజిలీని మనం ఎన్నుకోము, గేటు ఎన్నుకుంటుంది.

ఇప్పుడు పడకలు, పొయ్యి ఉన్న కారవాన్ బండ్లు కూడా వచ్చాయి. చక్రాల మీద ఇల్లు అన్నమాట. అయినా దానికీ మజిలీ కావాలి: సమమైన నేల, నీళ్ళు, మరుగుదొడ్డి, పక్కన మనుషుల అలికిడి. ఒక హెచ్చరిక. చల్లదనం కోసం ఇంజను ఆడుతూ ఉండగా అద్దాలు బిగించి ఏ బండిలోనూ నిద్రపోకూడదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈసారి మీరే ఒక మజిలీ పుస్తకం పెట్టండి. పేజీకి ఐదు గళ్ళు గీయండి: ఊరు, దూరం, చేరే వేళ, పడక ఖర్చు, అక్కడ దొరికే నీళ్ళు–తిండి. సత్రానికి ముందే ఫోను చేసి, గది ఉందా, బండి నిలపటానికి చోటుందా, డ్రైవరుకు పడక ఉందా అని పెద్దల చేత అడిగించండి. దారికి చిత్రాన్నం, బొరుగులు కట్టించుకుంటే తిండి ఖర్చు కూడా తగ్గుతుంది. తిరిగి వచ్చాక ఆ పుస్తకం పక్కింటివారికి ఇవ్వండి.

చివరగా ఒక లెక్క. మజిలీ ఊరు 180 కిలోమీటర్ల దూరంలో ఉంది. వ్యాను సగటున గంటకు 40 కిలోమీటర్లు పోతుంది. భోజనానికి, టీకి గంటన్నర ఆగుతారు. సాయంత్రం 6 గంటలకు చేరాలంటే ఎన్నింటికి బయలుదేరాలి? మీ జవాబు పన్నెండు దాటితే, మళ్ళీ మొదటి నుంచి కట్టండి!